ఎదబొక్క ఎనక

దేవరకొండ దవాఖాన, ఎక్స్‌రే గది.
కరెంటు వచ్చిపోతున్నది.
ఐదు నెలల పిల్ల. వారం సంది దగ్గు.
ఏడ్చినప్పుడే రొమ్ము నిండ గాలి నిండుతది,
ఆ ఏడుపు మీదనే బటను నొక్కాలె.
ఇరవై రెండేండ్ల సంది నా కొలువు అదే.

తెర మీద బొమ్మ తేలింది.
గుండె పైన, ఒక పక్కకు, తెల్లగ ఓ మూల.
సైదమ్మ చూసింది. "అక్కా, ఆ మచ్చేంది?"
అడిగి, జవాబు వస్తదేమోనని భయపడ్డట్టు
పిల్ల కాళ్లకు గుడ్డ చుట్టుడు మొదలువెట్టింది.

మా పెద్ద డాక్టరు దాన్ని తెరచాప అంటడు.
ఈ దిక్కు తెరచాపను చూసిందెవరు?
డిండిల పుట్టి తిరుగుతది, దానికి చాప ఎక్కడిది.
నేనైతే ఇట్ల చెప్త:
కల్లంల వడ్ల మీద కప్పిన టార్పాలిన్
అంచు గాలికి లేచినట్టు లేదా?
రోగం కాదు సైదమ్మా, థైమస్.
కాలేజీల జువాలజీ సారు బాలగ్రంథి అనేటోడు.
పసిపిల్లలకే ఇంత పెద్దగ కనబడ్తది.

కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది గని
సైదమ్మది మిర్యాలగూడ రైసుమిల్లుల పని.
రంగు చూసి గింజను ఏరే మిషను ఆమెకు ఎరుకే,
నల్లగింజ కంటబడంగనే టప్పున ఓ గాలిదెబ్బ.
అసొంటిదే, అన్న, నీ బిడ్డ ఎదబొక్క ఎనక.
బొక్కల మూలుగల పుట్టిన కణాలు
నెత్తుట్ల కొట్టుకొని ఈడికి వస్తయి.
ఒక్కొక్కదాని ముందట
పిల్ల సొంత ఒంటి ముక్కలు పెడ్తది ఇది.
గుర్తే పట్టనిది పనికిరాదు, చస్తది.
గుర్తుపట్టి పగబట్టింది, అదీ చస్తది.
పలకరించి, చెయ్యెత్తకుండ పక్కకు జరిగిందే
కాపలాకు పోవాలె.
నూటికి రెండో, మూడో.

సైదమ్మ నవ్వింది, పొద్దటి సంది మొదటిసారి.
"గట్ల ఏరితే మా సేటు నెలకే దివాల."

ఆమెకు చెప్పనిది ఒకటున్నది.
నా దాంట్ల ఏరుడు తప్పింది.
ముప్పై నాలుగేండ్లప్పుడు.
పొద్దుగాల జడ అల్లుకునేదాన్ని,
మాపటికి చేతులు దువ్వెన దాక లేవకపోయేటివి.
సగం జొన్నరొట్టె నమిలేసరికి దవడ అలిసేది.
ఎడమ రెప్ప, దుకాణం షట్టరు లెక్క,
దానంతటది దిగేది.
ఎందుకు ఏడ్చినవని మా రామనర్సయ్య రోజూ అడిగేటోడు.
ఏడ్వలే. నా కాపలోళ్లే
నా నరానికీ కండకూ నడుమ దారి తవ్విపోసిండ్రు.

హైదరాబాదుల ఎదబొక్క కోసి తీసిండ్రు దాన్ని.
మెలకువొచ్చినంక చూపెట్టమన్న.
ఓ చిన్న డాక్టరు ఫోనుల ఫొటో చూపెట్టిండు:
పసుప్పచ్చ కొవ్వు, అరచెయ్యంత.
పిల్లలు పోయినంక మూతబడ్డ బడి గుర్తొచ్చింది.
వయసు మీదవడ్తే అందరిదీ
మెల్లమెల్లగ అట్లనే కొవ్వయితదట.

మాది నీళ్లే బొక్కలు వంచిన జిల్లా.
బోరు కాడ వంగిన మా పెద్దమ్మ
మళ్ల నిటారుగ నిలబడలే.
బొక్కల సంగతి మాకెవరూ చెప్పే పనిలేదు.
బొక్క ఎనక ఇదొకటుంటదని మాత్రం
చీరినంకనే తెల్సింది.

పిల్ల ఏడుపాపింది.
నా కోటు గుండీ పట్టి గుంజుతున్నది.
దాని కింద నిలువునున్న గీత దానికేం ఎరుక.
నా మొఖంల మొఖం పెట్టి చూస్తున్నది,
నేను తనదాన్నో పరాయిదాన్నో
ఇంకా తేల్చుకోలే.

కవరు మీద పేరు రాయాలె.
"ఇంక పెట్టలే అక్కా. జాన్‌పహాడ్ పోయొచ్చినంక."
సైదమ్మ బిడ్డ, ఐదు నెలలు, అని రాసిన.
మాపైతున్నది. రెప్ప కొంచెం బరువైంది,
వేలితోటి పైకి జరుపుకున్న.
పద్నాలుగో టోకెను ఎవరిది?